ఓట్లేసి ఎన్నుకున్న సేనానులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు మాత్రం రాయనని ముందే చెప్పాను. వేపచెట్టు, ఇనుప గంట, గోడ దూకి చూసిన మ్యాట్నీలు, ఇవన్నీ నాకంటే బాగా రాసేవాళ్ళు ఈ సంచికలో చాలామంది ఉంటారు. నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మన సోషల్ మాస్టారికి తొమ్మిదో తరగతి నుంచి ఒక జవాబు బాకీ ఉన్నాను. అది ఇక్కడ రాస్తాను.

గాంధీజీ పాఠంలో ఒక వాక్యం ఉండేది, బోయర్ యుద్ధంలో ఆయన అంబులెన్స్ దళం నడిపారని. అంతే, తర్వాతి వాక్యం ఫీనిక్స్ ఆశ్రమానికి వెళ్ళిపోయేది. వెనక బెంచీ నుంచి ఎవరో "బోయర్లంటే ఎవరు సార్?" అని అడిగారు. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, "దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి రైతులురా. బోయర్ అంటేనే వాళ్ళ భాషలో రైతు. వాళ్ళ సైన్యంలో ఆఫీసర్లని, మీరు క్లాస్ లీడర్ని ఎన్నుకున్నట్టు, ఓట్లేసి ఎన్నుకునేవాళ్ళు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "అలాంటి సైన్యం గెలుస్తుందా, ఓడుతుందా? ఆలోచించుకుని రేపు చెప్పండి" అన్నారు. గంట కొట్టారు. మర్నాడు ఆయన మరచిపోయారో, మమ్మల్ని వదిలేశారో, మళ్ళీ అడగలేదు.

నేను మరచిపోకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ ఏడాది క్లాస్ లీడర్ని నేనే. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం నా ఉద్యోగం. మొదటి వారం నిజాయితీగా రాశాను. రెండో వారం, నాకు ఓటేసినవాళ్ళ పేర్లే ఎక్కువగా రాస్తున్నానని అర్థమైంది. మూడో వారం నుంచి బోర్డు ఖాళీ. బోయర్ సేనాని కష్టం నాకు ఆ వయసులోనే కొంచెం తెలుసునన్నమాట.

సంగతిలోకి వస్తాను. పందొమ్మిదో శతాబ్దం చివర దక్షిణాఫ్రికాలో బోయర్లకు రెండు స్వతంత్ర గణతంత్రాలు ఉండేవి. ఒకటి ట్రాన్స్‌వాల్, రెండోది ఆరెంజ్ ఫ్రీ స్టేట్. చుట్టూ బ్రిటిష్ వలసలు. 1886లో ట్రాన్స్‌వాల్‌లో బంగారం బయటపడింది. ఆ తర్వాత జరిగింది ఊహించుకోవచ్చు. 1899 అక్టోబర్ 11న యుద్ధం మొదలైంది, 1902 మే 31న ముగిసింది. బ్రిటన్ తన సామ్రాజ్యం నలుమూలల నుంచి దించిన సైన్యం చివరికి నాలుగున్నర లక్షలకు చేరింది. బోయర్లు ఏ ఒక్క సమయంలోనూ నలభై వేలకు మించి రంగంలో లేరు. ఇది అందరూ చెప్పే లెక్కే. నాకు ఆసక్తి వేరే చోట ఉంది. ఆ నలభై వేలమందిని ఎవరు నడిపారు, ఏ హక్కుతో నడిపారు?

వాళ్ళకు జీతాల సైన్యం దాదాపు లేదు. యూనిఫారం వేసుకున్నది ప్రభుత్వ ఫిరంగి దళమూ, ట్రాన్స్‌వాల్ పోలీసులూ మాత్రమే. మిగతాదంతా 'కమాండో'. ఇవాళ కమాండో అంటే నల్లబట్టలు కట్టుకుని హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకు దిగేవాడు గుర్తొస్తాడు. అప్పట్లో కమాండో అంటే ఒక జిల్లా మగవాళ్ళంతా గుర్రాలెక్కితే ఏర్పడే దండు. పదహారేళ్ళ నుంచి అరవై ఏళ్ళ దాకా ప్రతి 'బర్గర్', అంటే ఓటున్న పౌరుడు, పిలుపు రాగానే సొంత గుర్రం, జీను, తుపాకీ, ముప్పై తూటాలు, ఎనిమిది రోజుల తిండి పట్టుకుని రావాలి. తిండి అంటే ఎక్కువగా బిల్టాంగ్, మన వైపు ఎండు తునకల్లాంటిది. ఎనిమిది రోజుల తర్వాత సర్కారు చూసుకుంటుంది. జీతం లేదు. తాతా, తండ్రీ, మనవడూ ఒకే కమాండోలో ఉండడం మామూలు.

జిల్లా కమాండోకు అధిపతి కమాండెంట్. జిల్లాను వార్డులుగా విడగొట్టి వార్డుకొక ఫీల్డ్ కార్నెట్. అతని కింద పాతికమందికి ఒకరు చొప్పున కార్పొరల్. ఈ ఫీల్డ్ కార్నెట్ అనేవాడు అసలు కీలకం. శాంతికాలంలో అతను మన పాతకాలపు మునసబుకీ, సబిన్స్పెక్టరుకీ మధ్యరకం. వార్డులో ఎవరున్నారో రిజిస్టరు రాసేది అతనే, తగాదాలు తీర్చేది అతనే, యుద్ధమొస్తే తుపాకీ పట్టించి నడిపించేదీ అతనే. వీళ్ళందరినీ ఎన్నుకునేది ఆ బర్గర్లే. ట్రాన్స్‌వాల్‌లో అయితే సర్వసేనాని పదవి, కమాండెంట్ జనరల్, కూడా ఎన్నికతోనే వచ్చేది. ఓట్లు ఎవరికి పడతాయి? ఊళ్ళో పెద్దమనిషికి, పొలం ఎక్కువున్నవాడికి, బంధుబలగం ఉన్నవాడికి, చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడికి. యుద్ధం తెలిసినవాడు పెద్దమనిషి కూడా అయితే అదృష్టం. కాకపోతే అంతే సంగతులు.

దీని మీద 'క్రీగ్స్‌రాడ్' అనే యుద్ధమండలి ఒకటి. దాడి చేయాలా, వెనక్కి తగ్గాలా, అన్నీ ఆఫీసర్లు కూర్చుని చర్చించి, ఓటింగ్ పెట్టి తేల్చాలి. మండలి తీర్మానించాక కూడా నచ్చనివాడు మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ గుర్రానికి జీను వేయకుండా కూర్చుంటే, అతణ్ణి కదిలించే సాధనాలు చాలా తక్కువ. కాల్చి చంపే శిక్షలు బ్రిటిష్ సైన్యంలో ఉన్నట్టు ఇక్కడ లేవు. జరిమానా, తలమీద జీను మోయించడం, అలాంటివి. వచ్చే ఎన్నికల్లో ఓటు కావలసిన ఫీల్డ్ కార్నెట్ అవి కూడా వేయడు. నా బోర్డు కథే.

ఇంత అస్తవ్యస్తమైన పద్ధతి మీద వాళ్ళకు అంత నమ్మకం ఎందుకంటే, అది ఒకసారి నెగ్గింది. 1881 ఫిబ్రవరి 27న మజూబా కొండ మీద బ్రిటిష్ సేనాని కాలీ చనిపోయాడు. కింద నుంచి రాళ్ళ చాటున పాక్కుంటూ ఎక్కిన రైతులు కొండ గెలుచుకున్నారు. ట్రాన్స్‌వాల్ స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది. ఆ యుద్ధంలో సర్వసేనాని పీట్ జూబర్ట్. పద్దెనిమిదేళ్ళ తర్వాత రెండో యుద్ధం మొదలైనప్పుడు కూడా సర్వసేనాని ఆయనే. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. మళ్ళీ మళ్ళీ ఎన్నికవుతూ వచ్చారు మరి. మంచి మనిషి, యుద్ధం వద్దని చివరిదాకా కోరుకున్నవాడు. 1899 అక్టోబర్ 30న లేడీస్మిత్ బయట బ్రిటిష్ దళాలు చెదిరి ఊళ్ళోకి పరుగుతీస్తుంటే, తరమమని కుర్రాళ్ళు గోలపెట్టారు. ఆయన తరమనివ్వలేదు. దేవుడు వేలు అందిస్తే చెయ్యంతా లాక్కోకూడదని అన్నాడంటారు. తర్వాత నాలుగు నెలలు ఆ ఊరిని ముట్టడించి కూర్చున్నారు. ముట్టడి అంటే రైతుకు పొలం గుర్తొచ్చే పని. కదలిక లేకపోతే సెలవు అడుగుతాడు. పదిమందికి ఒకరికే సెలవన్న నియమం ఉన్నా, అడిగినవాడికి లేదనే ఆఫీసర్ అరుదు. అడగకుండా వెళ్ళేవాళ్ళు సరేసరి.

ఇదంతా చదివి వీళ్ళు మొదటి నెలలోనే ఓడిపోయి ఉంటారనుకుంటే పొరపాటు. 1899 డిసెంబర్‌లో ఒకే వారంలో, 10, 11, 15 తేదీల్లో, బ్రిటిష్ సైన్యం మూడు చోట్ల చిత్తుగా ఓడింది. అందులో రెండు చోట్ల జరిగిన తెరవెనుక కథ మాస్టారు అడిగిన ప్రశ్నకు సగం జవాబు.

మొదటిది మాగర్స్‌ఫోంటైన్. అక్కడ బోయర్ సేనాని పీట్ క్రోన్యే, మొండిఘటం. ఆయన కింద డి లా రే ఉన్నాడు. యుద్ధానికి ముందు పార్లమెంటులో యుద్ధాన్ని వ్యతిరేకించినవాడు. రెండు వారాల కిందటే మోడర్ నది పోరులో గాయపడి కొడుకు చనిపోయాడు. కొండల మీద కూర్చుంటే బ్రిటిష్ ఫిరంగులకు సులువుగా దొరుకుతాం, కొండ పాదం ముందు నేల మట్టంలో కందకాలు తవ్వి అందులో ఉందాం అని అతని వాదన. క్రోన్యే ఒప్పుకోలేదు. మామూలు సైన్యంలో అయితే పైవాడి మాటే చివరి మాట. ఇక్కడ డి లా రే ఫ్రీ స్టేట్ అధ్యక్షుడు స్టేన్‌కి తంతి కొట్టించాడు. ఆయన స్వయంగా వచ్చాడు. మండలి కూర్చుంది. కిందవాడి మాట నెగ్గింది. డిసెంబర్ 11 తెల్లవారుజామున బ్రిటిష్ ఫిరంగులు అంతకుముందే కొట్టీ కొట్టీ పిండిచేసిన ఖాళీ కొండల వైపు స్కాట్లండ్ హైలాండర్లు నడిచి వచ్చారు, కందకాలకు కొన్ని వందల గజాల దూరం దాకా. వాళ్ళ సేనాని వాకోప్ అక్కడే చనిపోయాడు. దాదాపు వెయ్యిమంది హతులూ క్షతగాత్రులూ.

రెండోది కొలెన్సో. ఇక్కడ జూబర్ట్ గుర్రం మీద నుంచి పడి మంచం పట్టడంతో, నాయకత్వం లూయీ బోథా చేతికొచ్చింది. వయసు ముప్పై ఏడు. తుగేలా నదికి అవతలి ఒడ్డున హ్లాంగ్వానే అనే కొండ ఉంది. అది పోతే మొత్తం వరస పోతుంది. కానీ వెనకాల నది, తప్పించుకునే దారి సన్నం, అక్కడ ఉండడానికి ఎవరికీ ఇష్టం లేదు. కాపలా ఉన్నవాళ్ళు యుద్ధానికి ముందే దిగి వచ్చేశారు. బోథా 'వెళ్ళండి' అని ఆజ్ఞాపిస్తే సరిపోయేది కాదు. మండలి పెట్టాడు, ప్రిటోరియాలోని అధ్యక్షుడు క్రూగర్ నుంచి ఆ కొండ వదలొద్దని తంతి తెప్పించాడు, చివరికి ఏ కమాండో వెళ్ళాలో చీటీలు వేశారు. చీటీ వచ్చినవాళ్ళు వెళ్ళారు. రెండు రోజుల్లో జరిగిన యుద్ధంలో బ్రిటిష్ సేనాని బుల్లర్ పది ఫిరంగులూ వెయ్యిమందికి పైగా మనుషుల్నీ పోగొట్టుకున్నాడు. బోయర్లలో చనిపోయినవాళ్ళు పదిమందికి లోపే. ఒక యుద్ధం గెలుపు చీటీల మీద ఆధారపడిందంటే మిలటరీవాళ్ళు నవ్వుతారు. కానీ చీటీ ఎత్తిన తర్వాత ఎవరూ కాదనలేదు, చూశారా. ఆజ్ఞకు తలవంచనివాడు చీటీకి తలవంచాడు.

ఇలాంటి సైన్యంలో ప్రతివాడూ తనంతట తాను ఆలోచించేవాడు. పక్కవాడు పడిపోతే ఎటు పాకాలో, ఏ రాయి వెనక చేరాలో చెప్పే ఆఫీసర్ అక్కర్లేదు. వేటలో పెరిగిన కళ్ళు, చేతిలో జర్మన్ మౌజర్ తుపాకీ. ఎదుటి సైన్యంలో ఆఫీసర్ చనిపోతే వరస ఆగిపోయేది. ఇక్కడ ఆఫీసర్ లేడన్న సంగతే సగంమందికి తెలిసేది కాదు.

మన పాఠంలోని వాక్యం ఇక్కడికి వస్తుంది. 1900 జనవరి 23 రాత్రి బ్రిటిష్ దళాలు స్పియాన్ కాప్ అనే కొండెక్కాయి. మర్నాడు పొగమంచు విడిపోయాక చూసుకుంటే లోతులేని కందకాల్లో, చుట్టూ మూడు వైపుల నుంచి తూటాలకూ గుండ్లకూ దొరికిపోయి ఉన్నారు. రోజంతా ఎండలో, నీళ్ళు లేకుండా ఆ చిన్న శిఖరం మీద జరిగిన ఊచకోత వర్ణించను. రెండొందల నలభైమందికి పైగా బ్రిటిష్ సైనికులు అక్కడ చనిపోయారు. ఆ కొండ దగ్గర నుంచి గాయపడ్డవాళ్ళను డోలీల మీద మోసినవాళ్ళలో గాంధీజీ దళం ఉంది. మొత్తం సుమారు 1,100 మంది. వాళ్ళలో 800 మంది గిరిమిట్ కూలీలు. ఒక్కోరోజు ఇరవై, పాతిక మైళ్ళు మోశారు. నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీల్లో మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళే ఎక్కువ, అందులో మన కోస్తా జిల్లాలవాళ్ళూ, ఉత్తర ఆర్కాటు తెలుగువాళ్ళూ ఎంతోమంది. ఆ డోలీ కర్రల కింద తెలుగు భుజాలు ఉండే ఉంటాయి. గాంధీజీకి మనసులో సానుభూతి బోయర్ల మీదే ఉండేదని ఆయనే రాసుకున్నారు. బ్రిటిష్ ప్రజగా హక్కులు అడిగేవాడు బాధ్యతా మోయాలని ఆయన లెక్క.

కానీ స్పియాన్ కాప్‌లో నన్ను కదిలించేది ఆ రాత్రి. చీకటి పడేసరికి బోయర్లు కూడా విరిగిపోయారు. రోజంతా పోరాడి, పక్కవాళ్ళను పోగొట్టుకుని, ఇక గెలవలేమని ఒక్కొక్కరే కొండ దిగేశారు. కింద కరోలైనా కమాండో బళ్ళు సర్దుకుంటోంది. అప్పుడు చీకట్లో ఒక రౌతు వచ్చి ఆగమని కేక వేశాడు. బోథా. గుర్రం దిగకుండానే మాట్లాడాడు. ఇప్పుడు వదిలి వెళ్ళడం ఎంత సిగ్గుచేటో చెప్పాడు. బెదిరించలేదు. బెదిరించడానికి ఆయన చేతిలో ఏముంది? వాళ్ళు బళ్ళు ఆపి వెనక్కి తిరిగారు. ఆ సంగతి కళ్ళారా చూసి రాసినవాడు డెనీస్ రైట్స్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు, ట్రాన్స్‌వాల్ ప్రభుత్వ కార్యదర్శి కొడుకు. వయసు చాలదని పేరు ఎక్కించుకోకపోతే క్రూగర్ దగ్గరికీ, అక్కణ్ణుంచి జూబర్ట్ దగ్గరికీ వెళ్ళి మౌజర్ తెచ్చుకున్నవాడు. మర్నాడు తెల్లవారాక కింద ఉన్నవాళ్ళు తలెత్తి చూస్తే శిఖరం మీద ఇద్దరు బోయర్లు టోపీలు ఊపుతున్నారు. రాత్రి బ్రిటిష్ దళాలూ కొండ వదిలి దిగిపోయాయి. రెండు వైపులవాళ్ళూ ఓడిపోయామనుకున్న రాత్రి, ఒక మనిషి మాట వల్ల ఒక వైపు ఉండిపోయింది.

అయితే అన్నిచోట్లా బోథాలు ఉండరు. క్రోన్యే తన వందల ఎద్దుబళ్ళతో, బళ్ళలో ఉన్న ఆడవాళ్ళూ పిల్లలతో పార్డెబెర్గ్ దగ్గర నది ఒడ్డున చిక్కుకున్నాడు. బయట నుంచి క్రిస్టియాన్ డి వెట్ ఒక కొండ పట్టుకుని, మూడు రోజులు దారి తెరిచి ఉంచి, బళ్ళు వదిలేసి రమ్మని కబురంపాడు. క్రోన్యే బళ్ళు వదల్లేదు. అతనికే కాదు, ఎన్నో కుటుంబాలకు బండి అంటే ఉన్న ఆస్తంతా. 1900 ఫిబ్రవరి 27న నాలుగు వేలమందితో లొంగిపోయాడు. మజూబా రోజున.

ఈ డి వెట్ గురించి ఒక మాట చెప్పాలి. యుద్ధం మొదలైనప్పుడు ఇతను ముగ్గురు కొడుకులతో కలిసి మామూలు బర్గర్‌గా చేరాడు. కొద్దిరోజుల్లోనే ఉప కమాండెంట్‌గా ఎన్నికయ్యాడు. డిసెంబర్ నాటికి జనరల్. ఓటు పద్ధతి పనికిరాదని తిట్టేవాళ్ళు ఈ ఉదాహరణ కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ సైన్యంలో ఒక సిపాయి మూడు నెలల్లో జనరల్ కావడం కలలో మాట.

మార్చి 13న ఫ్రీ స్టేట్ రాజధాని బ్లూమ్‌ఫోంటైన్ పడిపోయింది. బర్గర్లు గుంపులుగా ఇళ్ళకు పోతున్నారు. అప్పుడు డి వెట్ చేసిన పని ఏ మిలటరీ పుస్తకంలోనూ లేనిది. పోయేవాళ్ళను ఆపలేదు సరికదా, మిగిలినవాళ్ళకు కూడా మార్చి 25 దాకా సెలవిచ్చి ఇళ్ళకు పంపాడు. జూబర్ట్ నిర్ఘాంతపోయి అడిగితే, ఇష్టం లేని కుక్కలతో కుందేళ్ళ వేట సాగదన్న వాళ్ళ సామెత చెప్పాడట. అతని లెక్క ఏమిటంటే, తిరిగి వచ్చేవాడే సైనికుడు. రానివాడు అసలెప్పుడూ సైనికుడు కాదు. ఆ మధ్యలోనే, మార్చి 17న క్రూన్‌స్టాడ్‌లో ఇద్దరు అధ్యక్షులూ సేనానులూ కూర్చుని, బళ్ళ వరసలు వదిలేయాలనీ, చిన్న దళాలుగా గుర్రాల మీదే కదలాలనీ తీర్మానించారు. పది రోజులకు జూబర్ట్ కన్నుమూశాడు. బోథా ఆ స్థానంలోకి వచ్చాడు. మార్చి 31న సన్నాస్ పోస్ట్ దగ్గర డి వెట్ వాగులో మాటువేసి ఏడు ఫిరంగులూ, వందకు పైగా బళ్ళూ, నాలుగొందల పైచిలుకు ఖైదీలనూ పట్టుకున్నాడు. సెలవు అయ్యాక తిరిగి వచ్చినవాళ్ళు చేసిన పని అది.

పాతజబ్బు మాత్రం అంత తొందరగా వదల్లేదు. జూలైలో బ్రాండ్‌వాటర్ అనే కొండల నడిమి లోయలో ఫ్రీ స్టేట్ బలగాల్లో చాలాభాగం ఉంది. చుట్టూ శత్రువు కనుమలు మూసేస్తున్నాడు. డి వెట్, అధ్యక్షుడు స్టేన్ రాత్రికిరాత్రి ఒక కనుమలోంచి జారుకున్నారు, మిగతావాళ్ళు వెనకే రావాలని ఏర్పాటు. మిగతావాళ్ళు ఏం చేశారనుకుంటున్నారు? తమకు పెద్ద ఎవరో తేల్చుకోవడానికి ఎన్నిక పెట్టుకున్నారు. డి వెట్ అప్పగించి వెళ్ళింది రూ అనే మతబోధకుడికి, కొందరికి ఆయన నచ్చలేదు. మార్టినస్ ప్రిన్స్‌లూ గెలిచాడన్నారు, ఇంకా కొన్ని ఓట్లు రాలేదని ఇంకొందరు వాదించారు. ఆ వాదన తెగేలోపు కనుమలన్నీ మూసుకుపోయాయి. ప్రిన్స్‌లూ నాలుగు వేలకు పైగా మనుషులతో లొంగిపోయాడు. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్ళు. మన మాస్టారిలాగే నేనూ నవ్వలేకపోయేవాణ్ణి.

అప్పటికే ప్రిటోరియా పోయింది, జూన్ 5న. ఇక రాజధానులు లేవు, రైళ్ళు లేవు, ఫిరంగులు లేవు. విచిత్రంగా బోయర్ సైన్యం నిజంగా సైన్యమైంది ఆ తర్వాతే. ముసలివాళ్ళు, అలిసినవాళ్ళు, బంధుబలంతో ఆఫీసర్లయినవాళ్ళు రాలిపోయారు. బోథా సమర్థులను చూసి తానే నియమించడం మొదలుపెట్టాడు. లాయరు స్మట్స్, ముప్పై ఏళ్ళు నిండీ నిండగానే జనరలై, రెండొందల పైచిలుకు మందితో కేప్ కాలనీలోకి చొచ్చుకుపోయాడు. ఆ గుంపులో రైట్స్ కుర్రాడూ ఉన్నాడు. డి వెట్ అయితే క్రమశిక్షణ తప్పినవాణ్ణి కొరడాతో కొట్టేవాడు. ఓటేసినవాణ్ణే. అయినా మనుషులు అతన్ని వదల్లేదు.

సమ్మతి మాత్రం అవసరమవుతూనే ఉంది. 1902 మార్చి 7న ట్వీబాష్ దగ్గర డి లా రే బ్రిటిష్ జనరల్ లార్డ్ మెథుయెన్‌ను పట్టుకున్నాడు. మాగర్స్‌ఫోంటైన్‌లో ఎదురునిలిచింది ఈయననే. తొడ విరిగి ఉంది. వైద్యం కోసం అతన్ని బ్రిటిష్ ఆసుపత్రికే పంపేశాడు. అనుచరులు ఒప్పుకోలేదు. ఇళ్ళు కాల్చినవాళ్ళ జనరల్‌ను వదిలేయడమేమిటన్నారు. డి లా రే వాళ్ళతో కూర్చుని మాట్లాడి, ఒప్పించి, అప్పుడు పంపాడు. దయ చూపడానికి కూడా ఆ సేనాని కిందివాళ్ళ అనుమతి తీసుకోవలసి వచ్చింది.

ఇళ్ళు కాల్చడం అన్నది మాటవరసకు కాదు. కిచెనర్ సుమారు ముప్పై వేల పొలం ఇళ్ళు తగలబెట్టించాడు. దేశమంతా ముళ్ళతీగలూ, ఎనిమిది వేల కాపలా గదులూ. ఆడవాళ్ళనూ పిల్లలనూ నిర్బంధ శిబిరాల్లో పెడితే, ఇరవై ఆరు వేలమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో అత్యధికులు పదహారేళ్ళ లోపు పిల్లలు. నల్లవాళ్ళకు వేరే శిబిరాలు. అక్కడ చనిపోయినవాళ్ళు కనీసం పద్నాలుగు వేలు. వాళ్ళను లెక్కపెట్టడం మొదలైంది చాలా ఏళ్ళ తర్వాత.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఇంతసేపూ ఓటు, ఎన్నిక, సమ్మతి అంటున్నాను. అదంతా తెల్ల మగవాళ్ళకే. కమాండోల వెంట 'అఖ్తర్‌రైయర్లు' అని నల్ల సేవకులు వేలాదిగా నడిచారు. గుర్రాలు చూసేది, వంట చేసేది, తూటాలు మోసేది, అవసరమైతే కాల్చేదీ వాళ్ళే. వెళ్ళాలా వద్దా అని వాళ్ళను ఎవరూ అడగలేదు. ట్రాన్స్‌వాల్‌లో మన భారతీయులకు 1885 నాటి చట్టం ఓటు హక్కే కాదు, ఊళ్ళో నచ్చినచోట ఇల్లు కొనుక్కునే హక్కు కూడా లేకుండా చేసింది. తమ స్వేచ్ఛ కోసం అంత గొప్పగా పోరాడినవాళ్ళ కళ్ళకు పక్కన గుర్రం పట్టుకుని నిలబడ్డ మనిషి కనపడలేదు.

అందరూ చివరిదాకా నిలబడ్డారనీ కాదు. డి వెట్ సొంత తమ్ముడు పీట్ డి వెట్, సన్నాస్ పోస్ట్‌లో అన్నతో కలిసి పోరాడినవాడు, 1900 జూలైలో లొంగిపోయి తర్వాత బ్రిటిష్ వైపు తుపాకీ పట్టాడు. యుద్ధం ముగిసేనాటికి అలా అటువైపు చేరిన బోయర్లు అయిదు వేలకు పైగా. ఇటువైపు మిగిలినవాళ్ళు ఇరవై వేలు. గ్రామాల్లో ఆ చీలిక రెండు తరాలు మానలేదు.

ముగింపు కూడా ఓటుతోనే. 1902 మే నెలలో ఒక్కో గణతంత్రం నుంచి ముప్పైమంది చొప్పున, రంగంలో ఉన్న కమాండోలు ఎన్నుకున్న అరవైమంది ప్రతినిధులు ఫెరీనిఖింగ్‌లో బ్రిటిష్ వాళ్ళు వేసిన డేరాల్లో కూర్చున్నారు. మొదట లేచిన ప్రశ్న ఇది. చాలామందిని స్వాతంత్ర్యం వదలొద్దని చెప్పి పంపారు. పంపినవాళ్ళ మాటకు కట్టుబడాలా, ఇక్కడికొచ్చి మిగతా జిల్లాల ఆకలి కథలు విన్నాక సొంత బుద్ధి వాడొచ్చా? హెర్ట్‌సోగ్, స్మట్స్ ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవాళ్ళు. ప్రతినిధి అంటే ఉత్త వార్తాహరుడు కాదు, సొంత నిర్ణయం తీసుకోవచ్చు అని అభిప్రాయం చెప్పారు. రోజుల తరబడి మాట్లాడుకున్నారు. ఎక్కడ తిండి ఉంది, ఎక్కడ గుర్రాలు లేవు, శిబిరాల్లో పిల్లలు ఎలా ఉన్నారు. మొదటి నుంచి యుద్ధం వద్దన్న డి లా రే ఇప్పుడు సంధి అన్నాడు. డి వెట్ ఒప్పుకోలేదు. చివరి రోజు ఉదయాన్నే బోథా, డి లా రే అతని డేరాకు వెళ్ళి మాట్లాడారు. చీలిపోకుండా ముగిద్దామన్నారు. మే 31 మధ్యాహ్నం ఓటింగ్‌లో సంధికి 54, వ్యతిరేకంగా 6. ఆ రాత్రి ప్రిటోరియాలో సంతకాలయ్యాయి. నల్లవాళ్ళకు ఓటు ప్రశ్న బోయర్లకు స్వపరిపాలన వచ్చేదాకా ఎత్తకూడదని సంధిలో ఒక షరతు. దానికి ఇరుపక్షాలూ సులభంగానే ఒప్పుకున్నాయి.

మాస్టారు అడిగింది గెలుస్తుందా, ఓడుతుందా అని. ఓడింది. కానీ ఆయనకు ఆ ఒక్కమాట చెబితే ఊరుకునేవారు కాదు, "ఎవరి చేతిలోరా?" అనేవారు.

చివరగా మనవాళ్ళకు ఒక సంగతి. పట్టుబడిన బోయర్లను బ్రిటిష్ వాళ్ళు సముద్రాలు దాటించి సెయింట్ హెలీనాకు, సింహళానికి, బెర్ముడాకు, మన దేశానికి పంపారు. ఇండియాకు వచ్చినవాళ్ళు సుమారు తొమ్మిది వేలు. అహ్మద్‌నగర్, అంబాలా, తిరుచిరాపల్లి ఇలా చాలాచోట్ల శిబిరాలు. వాటిలో ఒకటి బళ్ళారి. మన గుంతకల్లు నుంచి రైలెక్కితే గంట ప్రయాణం. అప్పటికి మద్రాసు రాజధానిలో జిల్లా కేంద్రం, ఇప్పటి ఆదోని, ఆలూరు, రాయదుర్గం అన్నీ దాని కిందివే. ఆ ఎండల్లో, ఆ నల్లరేగడి నేలలో, తెల్ల రైతులు ముళ్ళతీగల వెనక కూర్చుని తమ పొలాల గురించి మాట్లాడుకుని ఉంటారు. బళ్ళారిలో చదువుకునే రోజుల్లో నాకు ఈ సంగతి తెలియదు. ఆ దారినే ఎన్నిసార్లు నడిచానో.

సంధి అయ్యాక ఇళ్ళకు పోవాలంటే బ్రిటిష్ రాజుకు విధేయుణ్ణని కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. ఈ సంతకం మండలి తరఫున కమాండెంట్ పెడితే చెల్లదు, ఎవరికి వారే పెట్టాలి. చాలామంది పెట్టి ఓడెక్కారు. కొందరు పెట్టలేదు. యుద్ధం ముగిసి, సేనానులంతా పొలాలకు తిరిగి వెళ్ళిపోయాక కూడా, వాళ్ళు నెలల తరబడి మన దేశంలోనే ఉండిపోయారు.